కుర్చీ వెనక జాకెట్

ఆ ఆదివారం పొద్దున న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి మీద ఆకాశం ముందే ఒక నిర్ణయానికి వచ్చి కూర్చుంది. వాన కురవాలని లోపల తీర్మానం అయిపోయింది. అయినా మర్యాద కోసం మబ్బుల సందులోంచి అప్పుడప్పుడు కాస్త ఎండని పిలుస్తోంది, నిలబెడుతోంది, "చాలా బాగున్నావు, మళ్ళీ కబురు చేస్తాం" అని సాగనంపుతోంది. ఎండ కూడా నవ్వుతూ వచ్చి నవ్వుతూనే పోతోంది.

దాన్ని చూసి జాలిపడేవాళ్ళుంటారు. నేను పడను. పాఠకులారా, ముందే తేలిపోయిన ఇంటర్వ్యూని మించి మనిషికి మేలు చేసేది ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! నమ్మకం లేకపోతే రామమోహన్‌ని చూడండి.

రామమోహన్‌ది ధర్మవరం దగ్గర పల్లె. జొన్న కోసేసిన చేలో, కొయ్యకాళ్ళు గుచ్చుకుంటుండగా ఫుట్‌బాల్ నేర్చుకున్నవాడు. బంతిని తప్పించడం కంటే ముందు పాదాన్ని తప్పించుకోవడం నేర్చాడు కాబట్టి, తర్వాత యూనివర్సిటీలో ఆయన్ని ఆపగలిగిన డిఫెండర్ పుట్టలేదు. ఇప్పుడు వారమంతా రైలెక్కి న్యూయార్క్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేస్తాడు. శని ఆదివారాలు ఊరి క్లబ్బులో అమ్మాయిల టీమ్‌కి అసిస్టెంట్ కోచ్. ఆ టీమ్‌లోనే ఆయన కూతురు మాయ ఆడుతుంది.

ఆయన కోరిక ఒక్కటే. మాయ హైస్కూల్‌కి వెళ్ళి ఈ టీమ్ వదిలేసేలోగా, ఒక్క సీజనైనా ఆ పిల్లలకి హెడ్ కోచ్ కావాలి. ఈ వచ్చేది ఆఖరి సీజన్.

మా చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల మ్యాచ్‌లన్నీ నడిపే లీగ్ ఒకటుంది. మైదానంలోకి చూస్తే అది ఐక్యరాజ్య సమితి. తెలుగు పిల్లలు, చైనా పిల్లలు, నల్లపిల్లలు, మెక్సికో పిల్లలు ఒకరి కాళ్ళ మీద ఒకరు పడుతుంటారు. గట్టు మీద నిలబడిన హెడ్ కోచ్‌లని చూస్తే మాత్రం ఒకే ఇంటివాళ్ళు పెళ్ళి ఫోటోకి నిలబడినట్టుంటుంది. అందరూ తెల్లగా, అందరూ ఒకే రకం టోపీలో!

ఇది బాగా లేదని లీగ్ పెద్దలకే తోచింది. వెంటనే ఒక నియమం రాశారు. ఏ క్లబ్బులోనైనా హెడ్ కోచ్ పదవి ఖాళీ అయితే, ఆ క్లబ్బు హెడ్ కోచ్‌లలో ఇంతవరకూ కనబడని జాతివాళ్ళని ఒక్కరినైనా ఇంటర్వ్యూకి పిలవాలి.

పిలవాలి అన్నారు. తీసుకోవాలి అనలేదు. ఎంత సున్నితమైన మనుషులో చూశారా!

మొదటి పిలుపు వచ్చినప్పుడు రామమోహన్ ఇంట్లో పండగే. భార్య వసుమతి యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని ఆయన మెడకి టై కట్టింది. మాయ "నాన్నా, యూ గాట్ దిస్" అని వీపు చరిచింది. ఆయన తన ఆట ప్లాన్లన్నీ రంగురంగుల బాణాలతో గీసుకుని, చంకన పెట్టుకుని వెళ్ళాడు.

కమిటీవాళ్ళు కాఫీ ఇచ్చారు. డోనట్ ఇచ్చారు. "మో" అని ముద్దుగా పిలిచారు. రామమోహన్ అనే పేరులో వాళ్ళకి నోరు తిరిగిన ముక్క అదొక్కటే.

అధ్యక్షుడి కుర్చీ వెనక కొత్త జాకెట్ ఒకటి వేలాడుతోంది. జాకెట్ అంటే మన ఆడవాళ్ళది కాదు, కోచ్‌లు చలికి వేసుకునేది. నీలం రంగు గుడ్డ, గుండె దగ్గర పసుపు దారంతో కుట్టిన అక్షరాలు: హెడ్ కోచ్ కెవిన్. వెళ్ళిపోయిన కోచ్‌ది కాబోలు అనుకున్నాడు రామమోహన్. వెళ్ళిపోయిన కోచ్ పేరు స్కాట్ అని ఇంటికొచ్చి కారు ఆపాక గుర్తొచ్చింది.

సంతలో ఇలాంటి పెద్దమనిషిని మీరూ చూసే ఉంటారు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ఒక జత ఎడ్లకి బేరం ముగించేస్తాడు. ముగించాక, మిగతావాళ్ళు చిన్నబుచ్చుకోకూడదని సంతంతా తిరిగి తక్కిన ఎడ్ల నోళ్ళు తెరిచి పళ్ళు చూస్తాడు. మూపురం తడతాడు. "మంచి జాతి" అంటాడు. ఆ ఎడ్లు ఎప్పుడైనా బాధపడ్డాయా? నేను చూసినంతలో ఒక్కటీ బాధపడలేదు. గడ్డి నములుతూ నిలబడ్డాయి. మనిషికి ఆపాటి ఓర్పుంటే లోకంలో ఇన్ని గొడవలుంటాయా?

రామమోహన్‌కి ఆ ఓర్పు అబ్బింది. ఒక క్లబ్బు పిలిచిందని తెలిసి పక్క ఊరి క్లబ్బు పిలిచింది. మంచి మనిషి, టైమ్‌కి వస్తాడు, సొంత టై ఉంది అని ఆ పక్క ఊరికీ పాకింది. కొత్త ఇంటికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కడతాం కదా? అలాగే చుట్టుపక్కల క్లబ్బులన్నీ నియమం దిష్టి తగలకుండా రామమోహన్‌ని కట్టుకున్నాయి.

ఇక లాభాలు చెబుతాను.

నిజంగా పదవి దక్కే అవకాశం ఉన్నవాడికి ముందు రోజు నిద్ర పడుతుందా? పట్టదు. రామమోహన్ గుర్రు పెట్టి నిద్రపోతాడు. డాక్టరు ఆయన బీపీ చూసి, ఏ యోగా చేస్తున్నారో చెప్పమని బతిమాలాడు!

పదవి దక్కబోయేవాడిని కమిటీ నిలదీస్తుంది. పోయిన సీజన్‌లో ఆ మ్యాచ్ ఎందుకు ఓడావు, ఆ అమ్మాయిని ఎందుకు కూర్చోబెట్టావు అని నమిలేస్తుంది. రామమోహన్‌ని ఒక్కరూ ఒక్క కష్టమైన ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. మీ దేశంలో ఈ ఆట ఆడతారా అని అడిగారు. పిల్లలంటే ఇష్టమా అని అడిగారు. ఒకాయన నాన్ మెత్తగా రావాలంటే ఏం కలపాలని అడిగాడు.

తర్వాత ఫీడ్‌బ్యాక్ వస్తుంది. ప్రతి క్లబ్బూ ఒకటే రాస్తుంది. ఆట మీద మీ పట్టు అద్భుతం, మీ ఉత్సాహం మాకు స్ఫూర్తి, కల్చర్ ఫిట్, అంటే మాలో ఇమిడిపోవడం, ఆ విషయంలో మాత్రం వేరే దిశలో వెళ్తున్నాం. సొంత తమ్ముడు కూడా ఎప్పుడూ ఆయన్ని ఇంతగా పొగడలేదు.

కీర్తి సంగతి చెప్పనే లేదు! ఒక క్లబ్బువాళ్ళు ఆయన మెడలో ఈల వేసి, చుట్టూ పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీశారు. "ఇక్కడ అందరికీ చోటుంది" అని దాని కింద రాసి వెబ్‌సైట్‌లో పెట్టారు. ఫోటో అయ్యాక ఈల వెనక్కి తీసుకున్నారు.

పైగా ఉత్త చేతుల్తో పంపరు. టీమ్ మేనేజర్ పదవి ఇస్తారు. ఆట మధ్యలో పిల్లలకి నారింజకాయలు కోసి ముక్కలందించడం, ఏ మైదానం ఎక్కడుందో వాట్సాప్‌లో పెట్టడం టీమ్ మేనేజర్ పని. ఫుట్‌బాల్ మేనేజ్‌మెంట్‌లో తెల్లవాళ్ళు తప్ప ఎవరూ లేరని ఏడ్చేవాళ్ళు, ఏ శనివారమైనా వచ్చి ఆ నారింజ సంచులు పట్టుకున్న చేతుల రంగు చూడాలి. పూర్తి ప్రాతినిధ్యం!

అన్నిటినీ మించిన లాభం ఇంకొకటుంది. స్నేహం.

క్లబ్బులవాళ్ళు ముందుచూపున్న మనుషులు. ఒకరికి జ్వరమొస్తే నియమం తప్పుతుందని ఇద్దరిని పిలుస్తారు. గది బయట వసారాలో రెండు కుర్చీలు వేస్తారు. ఒక కుర్చీలో రామమోహన్, రెండో కుర్చీలో డెల్రాయ్.

డెల్రాయ్ నల్లజాతి మనిషి. ద్వారం దగ్గర తల వంచుకుని వచ్చేంత ఎత్తు. ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఒక బడిలో వ్యాయామం టీచరు, అంటే మన డ్రిల్లు మాస్టారు. కోచింగ్‌లో రామమోహన్ పాసైంది చిన్న లైసెన్సు, డెల్రాయ్ పాసైంది పెద్దది. మాయకి ఎడమ కాలు కూడా ఉందని కనిపెట్టి, దాంతో బంతి కొట్టడం నేర్పింది ఆయన వేసవి క్యాంపులోనే. ఒక సెలవు రోజంతా సాధన చేసి రామమోహన్ అని పూర్తిగా పలకడం నేర్చుకున్నాడు. ఈ చుట్టుపక్కల క్లబ్బుల్లో అలా పిలిచే మనిషి ఇంకొకరు లేరు.

ఇంటర్వ్యూ అవగానే ఇద్దరూ పార్కింగ్ లాట్‌లో రామమోహన్ కారు డిక్కీ ఎత్తి, దాని అంచు మీద కూర్చుంటారు. వసుమతి కట్టిచ్చిన పులిహోర, గారెలు తీస్తారు. మొదటిసారి గారె చేతికిచ్చినప్పుడు, దాన్ని కంటి దగ్గర పెట్టుకుని, చిల్లులోంచి కమిటీ గది కిటికీ వైపు చూశాడు డెల్రాయ్.

"ఇదీ డోనటే. కాని దీంట్లో తీపి మాటల్లేవు" అన్నాడు.

అప్పటినుంచి ఆఖరి గారె మీద పందెం పెట్టుకున్నారు. లోపల కుర్చీ వెనక జాకెట్ మీద ఎవరి పేరుంటుందో, వెళ్ళకముందే వసారాలో ఊహించి చెప్పాలి. సరిగ్గా చెప్పినవాడిది ఆఖరి గారె. డెల్రాయ్ ఎక్కువసార్లు గెలిచేవాడు. బ్రయన్ అని చెప్పడమే కాదు, ఇంగ్లీషులో ఐ పెడతారో వై పెడతారో కూడా చెప్పేవాడు. ఒక క్లబ్బులో వరసగా ఇద్దరు కెవిన్‌లు వచ్చారు, వేర్వేరు కెవిన్‌లు. రెండోసారి కొత్తది కుట్టించలేదు, పాత కెవిన్ జాకెట్టే వాడేశారు, చేతులు చూడు పొట్టిగా ఉన్నాయి అని డెల్రాయ్ పట్టేశాడు. ఆ రోజు ఇద్దరూ నవ్విన నవ్వుకి పార్కింగ్ లాట్‌లో మేస్తున్న బాతుల మందంతా లేచి పక్క చర్చి మీద వాలింది.

ఉద్యోగం రాకపోతే ఇంత సంబరమేమిటని వసుమతి అడిగేది. అడిగి, తర్వాతిసారి గారెలు రెండు ఎక్కువే వేసేది.

ఇంత గొప్ప పద్ధతిని ఫుట్‌బాల్‌కే పరిమితం చేయడం అన్యాయం! పెళ్ళికార్డులు అచ్చయ్యాక పెళ్ళిచూపులు పెట్టుకుంటే ఎంత ప్రశాంతంగా జరుగుతాయి? చక్కగా బజ్జీలు తిని, పాట పాడించుకుని, ఎవరింటికి వాళ్ళు పోవచ్చు. ఎన్నికలయ్యాక ప్రచారం పెట్టుకుంటే ఒక్క తిట్టయినా వినబడుతుందా?

ఆ మాటకొస్తే మనవాళ్ళకి ఇది కొత్త కాదు. గ్రీన్‌కార్డ్‌కి వేసే ముందు, మనం చేస్తున్న ఉద్యోగానికే, ఇక్కడివాళ్ళెవరూ దొరకలేదని చూపడానికి, మన కంపెనీ పేపర్లో ప్రకటన ఇస్తుంది కదా? ఎవరో అమాయకుడు ఆదివారం పేపర్ చూసి అప్లై చేస్తాడు కదా? ఆ మనిషి ఏమయ్యాడని మనలో ఎవరైనా అడిగామా? అడగం. అది ఇమ్మిగ్రేషన్. ఇది ఫుట్‌బాల్. రెండూ కలపకూడదు.

ఇంత సుఖంగా నడుస్తున్న సంసారంలో పాపయ్య నిప్పులు పోశాడు.

పాపయ్యకి ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మిఠాయి కొట్టుంది. ఆయన కూతురు కూడా మాయ టీమ్‌లోనే ఆడుతుంది. ఒక పుట్టినరోజు విందులో మైకు పట్టుకున్నాడు. పాట పాడతాడేమోనని అందరూ భయపడ్డారు. పాడలేదు. ఆడేది మన పిల్లలు, డబ్బు కట్టేది మనం, కోచ్‌లు మాత్రం వాళ్ళా అని నిలదీశాడు. కల్చర్ ఫిట్ అంటే ఏమిటో, దాన్ని ఏ కొట్లో అమ్ముతారో చెప్పమన్నాడు.

"ఇంకెన్నేండ్లు నారింజకాయలు కోస్తం? మనకు మన క్లబ్ ఉండాలె" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. రామమోహన్ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆయన రెండు చేతుల్లో రెండు పళ్ళేలున్నాయి, ఒకటి తనది, ఒకటి వసుమతిది. కళ్ళు మాత్రం తడిశాయి.

అలా తెలుగు తారలు అనే క్లబ్బు వెలిసింది. పాపయ్య అధ్యక్షుడు, విజయవాడ నుంచి వచ్చిన కనకదుర్గ అనే ఆవిడ కార్యదర్శి. మాయతో సహా మన పిల్లలంతా పాత క్లబ్బు వదిలి ఇందులోకి మారారు. అయినా పదకొండు మంది నిండక ఒక చైనా అమ్మాయిని, ఇద్దరు నల్లమ్మాయిల్ని కూడా చేర్చుకున్నారు. హెడ్ కోచ్ ఎవరన్న ప్రశ్నే లేదు. జాకెట్ కూడా కుట్టించేశారు. మెరూన్ రంగు గుడ్డ, బంగారు దారం, హెడ్ కోచ్ రామమోహన్. పూర్తి పేరు, ఒక్క అక్షరం తగ్గలేదు. కొలత చూడ్డానికి కనకదుర్గ వాళ్ళింట్లో తొడిగి చూశాడాయన. మీడియం సైజు, ఒంటికి పోసినట్టు సరిపోయింది. ఎవరూ చూడటం లేదనుకుని, ఆ అక్షరాల మీద ఒకసారి వేలితో రాసుకున్నాడు.

అప్పుడు లీగ్ నుంచి కబురొచ్చింది. నియమం కొత్త క్లబ్బుకీ వర్తిస్తుంది. తెలుగు తారలు కూడా తెలుగువాళ్ళు కానివాళ్ళని ఒక్కరినైనా ఇంటర్వ్యూ చేయాలి. చేయకపోతే టీమ్‌ని చేర్చుకోరు.

పిలుద్దాం, పిలిస్తే పోయేదేముంది, సమోసాలు తెప్పిస్తాను అంది కనకదుర్గ. ఈ రంగంలో అనుభవం ఉన్నది రామమోహన్ గారికే కాబట్టి, తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఆయన్నే అడిగింది. ఆయనకి తెలిసినవాడు ఒక్కడే. నంబరిచ్చాడు.

ముందే డెల్రాయ్‌కి సంగతి చెప్పేద్దామనుకున్నాడు. చెబితే ఆయన రాడు. ఆయన రాకపోతే నియమం నిండదు. నియమం నిండకపోతే జాకెట్ లేదు, మాయ ఆఖరి సీజన్ లేదు. చెప్పలేదు.

ఇదిగో, ఆకాశం ఎండని పిలిచి పంపేస్తున్న ఆ ఆదివారం, పాపయ్య కొట్టు మీది అంతస్తులో, జిలేబీ పాకం వాసన వస్తున్న వసారాలో, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. కమిటీవాళ్ళు పద్ధతి తెలిసిన మనుషులు. అభ్యర్థులన్నాక ఇద్దరూ బయటే కూర్చోవాలన్నారు.

డెల్రాయ్ కొత్త టై కట్టుకుని వచ్చాడు. చంకలో పొడుగాటి కాగితం చుట్ట ఉంది. విప్పి చూపించాడు. ఒక్కో అమ్మాయికి ఒక్కో రంగు బాణం. మాయది ఆకుపచ్చ, ఎడమ వైపు. ఇంటర్వ్యూకి ఇలా గీసుకుని రావడం మానేసి చాలా కాలమైంది, ఈసారి పిలిచింది మీవాళ్ళని తెలిసి రాత్రి కూర్చుని గీశానన్నాడు.

రామమోహన్ ఆకుపచ్చ బాణం వైపే చూస్తూ, బాగుందన్నాడు. నిజంగానే బాగుంది. తనకి తట్టని ఎత్తు అది.

"పందెం వేద్దామా?" అన్నాడు డెల్రాయ్.

"ఈసారి వద్దులే."

"భయపడుతున్నావ్ రామమోహన్. సరే, నేనొక్కణ్ణే చెబుతా." గొంతు తగ్గించి, తలుపు వైపు చూసి అన్నాడు. "ఈసారి జాకెట్టే ఉండదు."

లోపల్నుంచి పిలుపొచ్చింది. కాగితం చుట్ట తీసుకుని, తల వంచుకుని, ద్వారం దాటి వెళ్ళాడు.

పాఠకులారా, ముందే తేలిన ఇంటర్వ్యూ వల్ల బీపీ పెరగదని పైన రాశాను. వసారాలో కూర్చున్నవాడికి పెరగదు. జాకెట్ తనదైనవాడి సంగతి నేను పరిశీలించలేదు. ఆ రోజు రామమోహన్ చెవుల్లో గుండె కొట్టుకోవడం వినబడిందంటే, అది నా సిద్ధాంతంలో చిన్న లోపం.

డెల్రాయ్ తొందరగానే బయటికొచ్చాడు. చేతిలో కాగితం చుట్ట ఎలా వెళ్ళిందో అలాగే ఉంది, రబ్బరు బ్యాండు కూడా తీయలేదు. రామమోహన్ ముందు ఒక్క క్షణం ఆగాడు.

"ఓడిపోయాను. ఆఖరి గారె నీదే" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళాడు.

రామమోహన్ లోపలికి వెళ్ళాడు. పాపయ్య కుర్చీ వెనక మెరూన్ జాకెట్ వేలాడుతోంది. బంగారు అక్షరాలు గుమ్మం దాకా కనబడుతున్నాయి. పాపయ్య నవ్వుతున్నాడు.

"మంచి జోకులేస్తడన్నా మీ దోస్తు. ఏమన్నా అడిగేదుందా అని కనకదుర్గ మేడం అడిగితే, ఆ జాకెట్ సైజెంతని అడిగిండు."

"ఏం చెప్పారు?"

"మీడియం అని చెప్పిన."

రామమోహన్ కూర్చున్నాడు. అలవాటు కొద్దీ, అభ్యర్థి కుర్చీలోనే.

"పాపన్నా, ఆయన నాకంటే బాగా నేర్పిస్తాడు."

"ఎవరు కాదన్నరు? ఆట తెల్సినోడే. మంచోడే. కానీ మన పిల్లలకు సెట్ కావాలె గదా. మన ఫుడ్డు, మన పండుగలు, మన పేరెంట్స్..." పాపయ్య మాట కోసం గాల్లో వెతుక్కున్నాడు. దొరికింది. "కల్చర్ ఫిట్ అని ఒకటుంటది గదన్నా."

ఏ కొట్లో అమ్ముతారని అడిగాడో, చూడండి, చివరికి వాళ్ళ కొట్లోనే దొరికింది!

కనకదుర్గది మెత్తని మనసు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతుల్తో పంపడం బాగుండదంది. ఆయనకి టీమ్ మేనేజర్ ఇద్దామని ముందే అనుకున్నామండీ, మీరే చెబితే బాగుంటుంది, మీ ఫ్రెండ్ కదా అంది. బల్ల కింద నుంచి ఒక వల సంచి తీసి ఆయన చేతికిచ్చింది. నిండా నారింజకాయలు.

ఇక్కడ ఈ వ్యాసానికి గొప్ప ముగింపు రాసే అవకాశం ఉంది. రామమోహన్ జాకెట్‌ని బల్ల మీద విసిరికొట్టాడనీ, నారింజలు మెట్ల మీద దొర్లాయనీ, పాపయ్య తల దించుకున్నాడనీ రాయొచ్చు. అలాంటిదేమీ జరగలేదు. మాయకి అది ఆఖరి సీజన్. ఒక చేత్తో జాకెట్, ఒక చేత్తో సంచి పట్టుకుని ఆయన మెట్లు దిగాడు.

నాకు మాత్రం ఒక సంగతి తెలిసింది. ఇన్నాళ్ళూ మనవాళ్ళు ఆ పద్ధతి మారాలని కొట్లాడుతున్నారనుకున్నాను. జాకెట్ మీద పేరు మారితే చాలట. మరి ఇంత కాలం ఈ పద్ధతిని వేనోళ్ళ పొగిడిన నన్ను వదిలేసి, తిట్టినవాళ్ళనే అధ్యక్షుల్ని చేశారు. ఇది మాత్రం అన్యాయం!

కొట్టు వెనక పార్కింగ్ లాట్‌లో డెల్రాయ్ రామమోహన్ కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. తన కారు పక్కనే ఉంది. వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

రామమోహన్ డిక్కీ ఎత్తాడు. నారింజ సంచిని లోపలికి, స్పేర్ టైరు వెనక్కి తోశాడు. జాకెట్‌ని అక్షరాలు కిందికి వచ్చేలా మడిచి దాని పక్కన పెట్టాడు. డబ్బాలు తీశాడు. ఇద్దరూ అంచు మీద కూర్చున్నారు. అప్పటికి ఆకాశం ఎండని పిలవడం మానేసింది. ఎత్తిన డిక్కీ మూత మీద చినుకులు పడుతున్నాయి.

పులిహోర సగం నీకు, సగం నాకు అన్నట్టు రామమోహన్ డబ్బా మూతలోకి తీశాడు. డెల్రాయ్ తిన్నాడు. రామమోహన్ తిన్నాడు. పచ్చిమిరపకాయ తగిలి డెల్రాయ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎప్పుడూ అక్కడ ఒక జోకు ఉండేది. రామమోహన్ నీళ్ళ సీసా అందించాడు. గారెలు ఒక్కొక్కటే అయిపోయాయి. కొట్టు చూరు కింద చేరిన బాతులు ఇటే చూస్తున్నాయి గాని, ఒక్కటీ కదల్లేదు.

ఆఖరి గారె మిగిలింది. డెల్రాయ్ డబ్బాని వేలితో రామమోహన్ వైపు జరిపాడు. రామమోహన్ దాన్ని మధ్యలోకి జరిపాడు. వాన పెద్దదైంది. ఇద్దరూ చేతులు కడుక్కోకుండా, దాన్ని చూస్తూ అలాగే కూర్చున్నారు.